జోడు లేని పన్ను

గోదావరిఖనిలో పళ్ళ డాక్టరుతో బేరమాడి గెలిచిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. కూరగాయల దగ్గర ఎవరైనా ఆడతారు. ఆటో దగ్గరా బట్టల కొట్లోనూ ఆడని వాళ్ళెవరు? నేను మాత్రం దవాఖాన కుర్చీ పక్కన నిలబడి, అందులో నోరు తెరుచుకుని పడుకున్న మా బావ తరఫున మాట్లాడి, డాక్టరమ్మ చెప్పిన మొత్తంలోంచి పదకొండు వేలు తగ్గించాను. తగ్గించి మెట్లు దిగుతుంటే నా నడకే వేరు. తర్వాత చాలా రోజులపాటు దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఈ సంగతి చెప్పాను. ఉప్పు ప్యాకెట్టు కోసం వచ్చినవాడు కూడా అది వినకుండా బయటపడలేదు.

ఇప్పుడూ చెబుతున్నాను. కాకపోతే అప్పట్లో మెట్లు దిగిన దగ్గర ఆపేసేవాడిని.

మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు. మా నాయన బాయిలోకి దిగలేదు, దిగేవాళ్ళకు సరుకులమ్మాడు. బాయికి పోయే దారిలోనే మా కిరాణా దుకాణం. షిఫ్టు దిగి నల్లటి మొహాలతో వచ్చేవాళ్ళు ఇంటికి పోకముందే మా దగ్గర ఆగి బెల్లం కొనేవారు. బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే గొంతులో చేరిన బొగ్గు దుమ్ము జారిపోతుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. ఎవరు పుట్టించారో తెలియదు, మా నాయన మాత్రం కాదన్న పాపాన పోలేదు. దిమ్మెను చిన్న చిన్న ముక్కలుగా కొట్టి, కాగితంలో చుట్టి, షిఫ్టు వదిలే వేళకు వరసగా పేర్చి ఉంచేవాడు. మా ఇంటి చదువులూ పెళ్ళిళ్ళూ సగం ఆ పొట్లాల మీదే నడిచాయి.

అలా బెల్లానికి వచ్చేవాళ్ళలో ఒకాయన, రామకృష్ణాపూర్ నుంచి బదిలీ మీద వచ్చిన కొత్త కార్మికుడు, ఒకటికి రెండుసార్లు రావడం మొదలుపెట్టాడు. అప్పుడు గల్లా దగ్గర మా అక్క కూర్చునేది.

"గీ పిలగాడు బెల్లానికి వస్తున్నడా, ఇంకేమన్న పనున్నదా?" అని మా నాయన పైకే అన్నాడు. ఆయన సిగ్గుపడలేదు. "బెల్లం మంచిగున్నది మామా" అన్నాడు. మామా అన్న ఆ ఒక్క మాటతో పని అయిపోయింది. ఆయనే మా బావ.

బావ పళ్ళు చూడముచ్చటగా ఉండేవి. బాయిలో వాళ్ళ ముఠా వాళ్ళంతా సగం షిఫ్టులో ఒకచోట గుండ్రంగా కూర్చుని సద్ది తింటారు. ఎవరి కూర వాళ్ళ డబ్బాలో ఉండదు, మూతల్లోకి తీసి చుట్టూ తిప్పుతారు. ఎవరింట్లో మటన్ వండినా మూలుగున్న ఎముక, మా దగ్గర మూలుగ బొక్క అంటారు, అది మా బావకే. ఆయన దాన్ని దవడన పెట్టి పటుక్కుమనిపిస్తే, ఆ చప్పుడుకు ముఠా అంతా "ఆ" అనేది. మా అక్క చేసిన సర్వపిండి కూడా అంతే. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు అద్ది మాడేదాకా కాల్చిన రొట్టె అది. చల్లారాక రాయిలా ఉంటుంది. బావకు అది అలా ఉంటేనే ఇష్టం. "మెత్తగుంటే అది సర్వపిండెట్లయితది? దవాఖానల పెట్టే బ్రెడ్డైతది" అనేవాడు.

ఏళ్ళ తరబడి దిగేటప్పుడొక ముక్క, ఎక్కేటప్పుడొక ముక్క బుగ్గన నానుతూ ఉంటే దవడ పళ్ళు ఏమవుతాయో మాలో ఎవరూ ఆలోచించలేదు. నొప్పి మొదలైతే లవంగం పెట్టుకున్నాడు. లవంగం కూడా మా దుకాణానిదే. బుగ్గ వాచి షిఫ్టుకు పోలేని రోజు వచ్చాక మా అక్క నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, నువ్వు తోడువో. ఆయనకు మాట్లాడరాదు. ఎంతంటే అంత ఇచ్చొస్తడు."

చౌరస్తాలో సెల్‌ఫోన్ల దుకాణం పైన ఆ డాక్టరమ్మ క్లినిక్. చిన్న వయసు. ఈ ఊరి పిల్లే. బావ నోట్లో చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"కాకా, బెల్లం తింటరా?"

బావ నోరు తెరిచే ఉంది కాబట్టి మాట రాలేదు. వేలు ఎత్తి నన్ను చూపించాడు. అద్దం తీసేశాక అన్నాడు, "ఇగో, ఈయన దుకాణం బెల్లమే బిడ్డా. పైసలు మీరిద్దరు మాట్లాడుకోండ్రి."

"బుగ్గల పెట్టుకుంటరా, నమిలి మింగుతరా?"

"బుగ్గలనే. జల్ది మింగితే దుమ్మెట్ల పోతది?"

"దుమ్ము పోయిందో లేదో నాకెర్కలేదు కాకా. దవడ పండ్లయితే పోయినయ్. మా నాయిన గూడ గిట్లనే తినెటోడు."

ఆమె ప్లాస్టిక్ పళ్ళ సెట్టు ఒకటి తీసి టేబుల్ మీద పెట్టింది. పుస్తకం ప్రకారం చేయాల్సింది ముందు చెప్పింది. రెండు వైపులా నిలబెట్టగలిగిన ప్రతి పంటికీ వేరు శుభ్రం చేసి తొడుగు వేయడం, నిలబడని వాటి చోట ఎముకలో బిగించే కొత్తవి పెట్టడం. ఆ మొత్తం విని నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

"అది చేయించుకోండ్రని నేనంటలేను. మంచిది ఏందో చెప్పాలె గదా, చెప్పిన. ఇగ మనం చేసేది చూద్దాం. ఎడమ దిక్కు మీది పండ్లు నిలవయి, తీసేద్దాం. కుడి దిక్కు మీద రెండు, కింద రెండు నిలబెడదాం. ఒక్క దిక్కు గట్టిగుంటే మనిషి నములుతడు, బతుకుతడు. మిగతాది మెల్లగ చూసుకోవచ్చు."

దానికి ఎంతవుతుందో చెప్పింది. బావ చెయ్యి జేబులోకి పోయింది. అంత డబ్బు తెచ్చుకునే వచ్చాడు. నేను జేబు మీది నుంచే ఆయన చెయ్యి నొక్కి పట్టుకున్నాను. అడిగిన వెంటనే డబ్బు తీసేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అది మా ఇంటి జబ్బు.

ఆ క్షణంలో నా బుర్రలో ఏం తిరిగిందో చెప్పాలి. మాకు సరుకు వేసే ఏజెన్సీ వాళ్ళకు ఒక అలవాటుంది. చకచకా అమ్ముడుపోయే నూనె ప్యాకెట్లు కావాలంటే, ఎవరూ కొనని సబ్బుల పెట్టె కూడా తీసుకోవాలంటారు. ఇది తీసుకుంటేనే అది. నేను ఏళ్ళ తరబడి ఆ ముడి విప్పి, నూనె మాత్రమే తెచ్చుకోవడంలో ఆరితేరాను. మీద రెండు, కింద రెండు అని ఆమె కలిపి చెప్పగానే నాకు సబ్బుల పెట్టె కనబడింది.

"విడివిడిగా చెప్పండ్రి మేడమ్. ఏ పన్నుకు ఎంత?"

చెప్పింది. కుడివైపు మీది రెండూ అంతగా చెడలేదు, తక్కువలో అవుతాయి. కింది రెండూ చిగురు దాకా విరిగిపోయాయి. వేరులో కడ్డీ నిలబెట్టి, దాని మీద పన్ను కట్టి, ఆపైన తొడుగు వేయాలి. ఖర్చంతా అక్కడే. ఎడమవైపు కింద ఒక్కటి మాత్రం కాస్త గట్టిగా ఉంది.

"అయితే కుడి దిక్కు కిందియి వద్దు, పీకేయండ్రి. మీది రెండు చెయ్యండ్రి. ఎడమ దిక్కు కింద ఒకటి మంచిగుందన్నరు గద, అదొకటి చెయ్యండ్రి. మూడు పండ్లాయె. చాలు."

ఆమె నా మొహం చూసింది. ప్లాస్టిక్ సెట్టులోంచి పళ్ళు ఒక్కొక్కటే ఊడదీసి, నేను చెప్పినవే ఉంచి, పై దవడను కింది దవడ మీద మూసింది. మధ్యలో ఖాళీ.

"అన్నా, జర చూడండ్రి. మీద పన్ను వచ్చి కింద పన్నుకు తాకితేనే ఏదన్న నలుగుతది. మీదియి ఒక దిక్కు, కిందిది ఇంకో దిక్కు ఉంటే కాక దేనితోని నమలాలె?"

నేను చూశాను. అర్థమైంది కూడా. జతలో ఒక చెప్పు అమ్మరాదని తెలియని దుకాణదారు ఉండడు కదా. కానీ బేరం మధ్యలో అర్థమైనట్టు కనబడితే అక్కడితో బేరం పోతుంది.

"ఆ ఖాళీల తీసిపెట్టుకునే సెట్టు చేస్తరు గద మీరు. అది చెయ్యండ్రి, అగ్గువల అయితది."

"బాయిల అది పెట్టుకోరన్నా. కిందికి దుమ్ము పోతది, చిగురు పుండైతది. మా నాయిన ఒక్కనాడు పెట్టుకోలె."

అమ్మేవాళ్ళు తమ ఇంటి సంగతులు ఎత్తుకున్నారంటే దిగబోతున్నారని అర్థం. నా అనుభవం అది. లేచి నిలబడ్డాను. "సరే మేడమ్. ఒకసారి కరీంనగర్ పోయి చూపిస్తం" అని తలుపు దాకా నడిచాను. ఈ నడక మా నాయన దగ్గర నేర్చుకున్నది. తొందర పడకూడదు, వెనక్కి చూడకూడదు.

ఆమె నన్ను పిలవలేదు. బావను అడిగింది. "మీరేమంటరు కాకా?"

"నాకేమెర్క బిడ్డా. మా బామ్మర్ది మాటంటే మాటే" అన్నాడాయన.

ఆమె ఊడదీసిన ప్లాస్టిక్ పళ్ళను మళ్ళీ సెట్టులో పెట్టేసింది. "సరే. గట్లనే చేస్త. కని ఆర్నెల్లల్ల మళ్ళ రావాలె, ఆ కింది ఖాళీల ఏదన్న కట్టాలె. ఖాళీగ ఇడిసిపెట్టొద్దు. మాటియ్యండ్రి" అందామె. ఇచ్చాను. ఈసారికి తగ్గించు, మళ్ళీ నీ దగ్గరికే వస్తానని ఎంతమందికి మాటివ్వలేదు?

పళ్ళు పీకిన చోట్లు మానాక ఒక ఆదివారం బావ దావత్ ఇచ్చాడు. మిగిలిన డబ్బుతో మటన్ తెచ్చాడు. "మా బామ్మర్ది డాక్టర్నే దించిండు" అని పక్క క్వార్టర్ల వాళ్ళను కూడా పిలిచాడు. మూలుగ బొక్క ఆయన పళ్ళెంలో పడింది. కుడి దవడన పెట్టాడు. తీశాడు. ఎడమన పెట్టాడు. నాలుకతో కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"ఏందయ్యా, బొక్కతోని ముచ్చట పెడ్తున్నవా?" అంది అక్క.

"కొత్తయి గద. ఇంక దోస్తానా కాలే" అన్నాడు. అందరం నవ్వాం. బొక్క తీసి నా పళ్ళెంలో వేశాడు. "గెలిచినోడివి నువ్వు, ఇది నీకే."

నేను తిన్నాను. బాగుంది.

ఇంకా మిగిలిన డబ్బుతో అక్కకు మిక్సీ కొన్నాడు.

తీసిపెట్టుకునే సెట్టు సంగతి డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. రెండు షిఫ్టులు పెట్టుకున్నాడు. తర్వాత అది చేతిరుమాల్లో చుట్టి జేబులో, ఆ తర్వాత ఇంట్లో దేవుడి గూట్లో. పెళ్ళిళ్ళకు మాత్రం బయటికి తీసేవాడు, ఫోటోల కోసం. ఆరు నెలలు దాటాయి. నాకు గుర్తులేక కాదు. గుర్తొచ్చినప్పుడల్లా, ఆయనే అడగనీ చూద్దాం అనుకున్నాను. ఆయన అడిగే మనిషి కాదని నాకంటే ఎవరికి తెలుసు?

ఒక రోజు బావ ముఠాలోని పెద్దాయన మా దుకాణానికి వచ్చాడు. బెల్లం తీసుకున్నాక కూడా పోకుండా నిలబడ్డాడు.

"సేటూ, ఒకటడుగుత, తప్పనుకోవద్దు. మీ బావకు మా మీద ఏమన్న కోపమున్నదా?"

"ఎందుకు కాకా?"

"మాతోని తింటలేడు. డబ్బా తీస్కొని అటు మర్లి కూసుంటుండు. బొక్క తీసిపెడితే వద్దంటడు, సుగరంటడు. సుగరున్నోడు బొక్క తినడా? మా నోట్లకెళ్ళి ఏమన్న మాట జారితే చెప్పు. అందరం వచ్చి మాట్లాడుకుంటం."

ఆయనకు చెప్పడానికి నా దగ్గర సమాధానం ఉంది. ముందు బావను అడుగుదామనుకున్నాను. ఆ సాయంత్రమే క్వార్టరుకు వెళ్ళాను. అక్క మిక్సీ తిప్పుతోంది. మర్నాటి సద్దికి అన్నం, పప్పు కలిపి మెత్తగా చేస్తోంది. పక్కన గిన్నెలో సర్వపిండి ముక్కలు చారులో నానుతున్నాయి.

"చెప్పు బావా వాళ్ళకు. పండ్లు లేవని చెప్తే ఏమైతది?"

"ఏమైతదా? ముసలోడంటరు. బరువు పనికి పిలువరు. బొక్కలు కొరికెటోడు గిప్పుడు బువ్వ పిసుక్కుంటుండని నవ్వుతరు. కోపమనుకుంటే అనుకోని. కోపముంటే మనిషి మనిషే గద బామ్మర్దీ." నేను లేవబోతుంటే, "నువ్వు గూడ చెప్పకు" అన్నాడు.

పెద్దాయన మళ్ళీ వచ్చినప్పుడు "సుగరే కాకా" అన్నాను. నా మొహం చూసి ఆయన ఇంకేం అడగలేదు.

మేం మళ్ళీ ఆ మెట్లెక్కేసరికి ఏడాది దాటింది. ఈసారి కింది చిగురు మీద పుండు. తింటే నొప్పి, తినకున్నా నొప్పి. డాక్టరమ్మ చూసి, నన్ను కూడా దగ్గరికి పిలిచి చూపించింది. తొడుగు వేసిన పై పళ్ళు రెండూ తమ చోటు వదిలి కిందికి దిగాయి. దిగి ఖాళీ చిగురును పొడుస్తున్నాయి.

"కింద జోడు లేకపోతే మీది పన్ను ఆగదన్నా. ఎదురుంగ ఏదన్న తాకేదాక దిగుతనే ఉంటది."

నేను చెప్పలేదా అని ఆమె అంటుందని ఎదురుచూశాను, అంటే బాగుండేది. ఆమె చేతి తొడుగులు తీసేస్తూ అంది, "ఆ రోజు నేను ఒప్పుకోకపోయేదుండె. మీరు తలుపు దాక పోయిండ్రు గదా. బయటికి పోతే ఇగ ఏడికి పోరు, ఇంటికే పోతరని నాకెర్క. కాక నొప్పితోని ఉంటడు, లేకుంటే అన్నీ పీకించుకుంటడు. కొన్నన్న నిలబెడదామనుకున్న. నాకు గూడ లెక్క తప్పింది."

"ఇప్పుడెంతైతది మేడమ్?" అన్నాను.

చెప్పింది. నేను తగ్గించమనలేదు. కుర్చీలోంచి బావ తల తిప్పి చూశాడు.

"ఏంది బామ్మర్దీ, బేరం మరిచినవా?" అని నవ్వాడు. తర్వాత ఆమెతో అన్నాడు, "ఇప్పుడేం వద్దు బిడ్డా. ఆ పొడిచేది జర అరగదీయి. కొద్ది నెలలైతే రిటైరైత. ఇంట్ల కూసోని నిమ్మలంగ అన్ని కట్టించుకుంట. అప్పుడు ఈన్ని తీస్కరాను, ఫికర్ చెయ్యకు."

ఆమె కూడా నవ్వింది. కొంచెం అరగదీసి, పుండుకు మందిచ్చి పంపింది. మెట్లు దిగుతూ నాకు హాయిగా అనిపించింది. ఆ మాట కూడా దాచను.

రిటైర్ కాలేదు. ఒక పొద్దున ఫస్టు షిఫ్టుకు పోవడానికి వాకిట్లో కూర్చుని బూట్లు వేసుకుంటూ పక్కకు ఒరిగాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయిందన్నారు. గుండె. తర్వాత ఎప్పుడో నేనొక్కణ్ణే డాక్టరమ్మ దగ్గరికి పోయి, పళ్ళకూ దానికీ ఏమన్నా సంబంధం ఉందా అని అడిగాను. "గట్ల ముడివెట్టలేమన్నా" అంది. ఆ మాట కోసమే వెళ్ళాను. తెచ్చుకున్నాను. ఏ పనికీ రాలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి గోదావరి ఒడ్డుకు పోయాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తాం. ముఠా వాళ్ళంతా వచ్చారు. పెద్దాయన ఇంటి దగ్గర మటన్ వండించి, మూలుగ బొక్క ఏరి విడిగా తెచ్చాడు. "అలిగే పోయిండు మా మీద. ఇప్పుడన్న తింటడేమో" అంటూ విస్తరిలో పెట్టబోయాడు.

అక్క ఆయన చెయ్యి ఆపింది. "వద్దన్నా. ఆయనకు నమలరాదు."

పెద్దాయనకు అర్థం కాలేదు.

"దవడ పండ్లు లేవన్నా ఆయనకు. రెండేండ్లాయె. మీకు చెప్పలేదా?"

అంటూనే తను తెచ్చిన గిన్నె మూత తీసింది. సర్వపిండిని చిన్న చిన్న ముక్కలుగా తుంచి, చారులో నానబెట్టి తెచ్చింది. ఒక్కొక్క ముక్కా వేళ్ళతో నొక్కి మెత్తబడిందో లేదో చూసి విస్తరిలో పెట్టింది. చివరన ఒక బెల్లం ముక్క పెట్టబోయి, ఆగి, దాన్ని కూడా రాయి మీద నూరింది.

పెద్దాయన బొక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత మెల్లగా నా వైపు తిరిగి చూశాడు.

ఇక లెక్క. తగ్గించింది పదకొండు వేలు. అందులో కొంత మటన్‌కు పోయింది, ఆ మటన్‌లో మంచి బొక్క నేను తిన్నాను. మిగిలింది మిక్సీకి పోయింది, ఆ మిక్సీ ఆయన సద్దిని మెత్తగా చేయడానికే పనికొచ్చింది. అంటే లాభం వైపు ఏమీ మిగల్లేదు. అవతలి వైపు: కుడి దిక్కు కింద రెండు పళ్ళు, వాటి జోడు కోసం దిగివచ్చి ఎక్కడా ఆనని మీది రెండు పళ్ళు, బాయిలో గుండ్రంగా కూర్చునే చోట ఆయన స్థలం, కోపం లేని మనిషి మీద రెండేళ్ళు నిలిచిన కోపమనే పేరు, ఆ పేరును తుడవగలిగిన రోజున నేనాడిన ఒక అబద్ధం. బెల్లం పైసలు ఇందులో కలపలేదు, అవి మా నాయన కాలం నుంచీ ఎప్పటికప్పుడు వసూలైనవే. మొత్తం కూడి రెండుసార్లు సరిచూశాను. ఇందులో నా జేబులోంచి పోయింది ఒక్క రూపాయి కూడా లేదు.